ఖాళీ పీట మీద పిండి బుద్ధుడు

మా కోడలు ఐదేళ్లు కూర్చుని కట్టుకున్న చదువుని ఒక్క పూటలో, అదీ గుప్పెడు పిండితో, కూల్చబోయిన మనిషిని నేను. పోనీ నిద్రమత్తులో చేశానా అంటే అదీ కాదు. తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని మరీ చేశాను. చెబుతాను, నవ్వుకోండి. ఇన్నేళ్లయింది కాబట్టి ఇప్పుడు నాకూ నవ్వొస్తోంది.

కరోనా వచ్చిన మొదటి ఏడాది. మా అబ్బాయి కిరణ్‌ది ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఎష్‌బోర్న్‌లో కంప్యూటర్ ఉద్యోగం. మూడు నెలలు ఉండి వద్దామని ఫిబ్రవరిలో వెళ్లాను. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. ఉన్నది రెండు గదుల ఇల్లు. వాడు పడకగదిలో ఆఫీసు పెట్టాడు, కోడలు వసుధ హాల్లో చదువు పెట్టింది, నేను వంటింట్లో దుకాణం పెట్టాను.

వసుధ చదివేది బొమ్మల చదువు. మన అమరావతి స్తూపం రాళ్ల మీద రెండువేల ఏళ్ల కిందట చెక్కినవాటిని చూసి, ఏ బొమ్మ ఎందుకు అలా ఉందో చెప్పే చదువు. నేను గుంటూరు పక్కనే పుట్టాను. అమరావతి పదిసార్లయినా వెళ్లుంటాను. స్తూపం నీడన పులిహోర పొట్లం విప్పుకోవడమే గానీ ఆ రాళ్ల వంక చూసింది లేదు. నేను ఐదో క్లాసులో ఆపేశాను. ఈ పిల్ల లెక్కన ఇరవై రెండో క్లాసులో ఉన్నట్టు.

డాక్టరేటుకి చివరి పరీక్ష మిగిలింది. ముగ్గురు ప్రొఫెసర్లు ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేస్తారు. కరోనా మూలాన టెర్మిన్, అదే పరీక్ష తేదీ, రెండుసార్లు వాయిదా పడి, మూడోసారి కంప్యూటర్‌లోనే అని ఖాయం చేశారు. ఒక మ్యూజియంలో ఉద్యోగం దీనికోసమే ఆగి ఉంది. మే ఒకటిలోగా పాసైన కాగితం చూపిస్తే ఆ ఉద్యోగం వసుధది. లేకపోతే వరసలో వెనకున్నవాళ్లది. పరీక్ష ఏప్రిల్ చివరి వారంలో. అంటే ఇంకోసారి వాయిదా వేసుకునే వీలు లేదన్నమాట.

పరీక్షలో చూపించడానికి తెల్లటి ప్లాస్టర్‌తో ఒక నమూనా చేసుకుంది. జానెడున్నర ఎత్తు. వెనక రావిచెట్టు, పైన గొడుగు, మధ్యలో సింహాసనం, దాని కింద రెండు పాదాల గుర్తులు, చుట్టూ దండాలు పెడుతున్న జనం. అన్నీ కుదిరాయి. సింహాసనం మీద మాత్రం ఎవరూ లేరు.

"అమ్మాయ్, ఇంతమంది దండం పెడుతున్నారు. ఆయనేడీ?" అన్నాను.

"ఆయన్ని చెక్కరత్తయ్యా. మొదట్లో బుద్ధుణ్ణి మనిషిలా చూపించేవాళ్లు కాదు. చెట్టు, పాదాలు, ఖాళీ పీట. ఇవి ఉంటే ఆయన ఉన్నట్టే. ఆ పీట ఎందుకు ఖాళీ అన్నదే ఐదేళ్ల నుంచీ నా తలనొప్పి."

విన్నాను. కాకపోతే ఒక చెవితో. రెండోది కుక్కర్ దగ్గరుంది, రెండో విజిలా మూడో విజిలా అని. నా జ్ఞాపకశక్తికి ఊళ్లో పేరుంది. ఎవరి పెళ్లిలో ఎవరు ఏ రంగు చీర కట్టారో ఇప్పటికీ చెబుతాను. కానీ వినని మాట గుర్తుండదు కదా. నా బుర్రలోకి చేరింది ఇంతే: ఆయన్ని చెక్కలేదు, అది పిల్లకి ఐదేళ్ల తలనొప్పి.

పరీక్ష రోజు పొద్దున్న ఆ నమూనా హాల్లో కిటికీ గట్టు మీద, వసుధ కుర్చీకి సరిగ్గా వెనక ఉంది. వసుధ స్నానానికి వెళ్లింది. నేను ఒక దండం పెడదామని నిలబడ్డాను. చేతులు కలవలేదు. మన ఇళ్లల్లో ఏ నోముకైనా పీట వేశామంటే దాని మీద పసుపు ముద్దయినా కూర్చోబెడతాం. ఖాళీ పీటకి దండం పెట్టడమంటే, విస్తరి వేసి, ఏమీ వడ్డించకుండానే 'మొహమాటపడకుండా తినండి' అన్నట్టు. పైగా పిల్లకి శుభకార్యం.

ఫ్రిజ్ తీస్తే గిన్నెలో తడిగుడ్డ కప్పిన పిండి కనపడింది. రాత్రి చపాతీలది మిగిలిందనుకున్నాను. వినాయక చవితికి మా ఇంట్లో మట్టి బొమ్మ ఏటా నా చేతులతోనే. ఇక ఆగుతానా? బుద్ధుణ్ణి సన్నగా, నిటారుగా, బాసింపట్టు వేయించి కూర్చోబెట్టాను. ఉంగరాల జుట్టుకి ఆవాలు గుచ్చాను. చెవులు కిందికి సాగదీశాను. కుడిచెయ్యి ఎత్తించి అభయం ఇప్పించాను. నా దిష్టే తగిలేలా కుదిరాడు. తీసుకెళ్లి సింహాసనం మీద పెట్టాను. ఏప్రిల్ అయినా అక్కడ చలే, పిల్లకి మాట్లాడేటప్పుడు వణుకు రాకూడదని కిటికీ కిందున్న హీటర్‌ని ఐదు మీదకి తిప్పాను. ఐదు కంటే పైన అంకె ఉంటే అక్కడికే తిప్పేదాన్ని.

వసుధ వచ్చి హడావిడిగా కూర్చుంది. తన ముఖం తెర మీద తనకి కనపడితే కంగారని, ఆ మూల పసుపు చీటీ అంటించుకుంది. దాంతో వెనక కూర్చున్న ఆయన ప్రొఫెసర్లు ముగ్గురికీ దర్శనమిస్తున్నాడు, వసుధకి తప్ప.

నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. అంతా ఇంగ్లీషు. కిరణ్ టీ కోసం వచ్చి నా పక్కన చేరాడు.

"ఏమంటోందిరా?"

"ఆ కాలంలో పీట మీద మనిషి బొమ్మ ఎక్కడా పెట్టలేదు, అది మర్చిపోయి కాదు, కావాలనే అని చెబుతోంది."

"కావాలనా?"

"మరి థీసిస్ అంతా అదేగా, అమ్మా."

వాడి చొక్కా పట్టుకుని లాగాను. "ఒరేయ్," అన్నాను, "ఒకసారి ఆ కిటికీ వైపు చూడు."

చూశాడు. కప్పు కింద పెట్టేశాడు. "ఎవరు పెట్టారు?"

"మన ఇంట్లో తీరిగ్గా ఉన్నది ఎవరు?"

"ఏ పిండితో చేశావ్?"

"ఫ్రిజ్‌లో చపాతీ పిండి."

"అది చపాతీ పిండి కాదమ్మా. బ్రెడ్డు చేద్దామని నేను కలిపి పెట్టుకున్నాను. ఈస్టు వేసి."

ఆ రోజుల్లో అక్కడ ఏ కొట్లోనూ ఈస్టు దొరికేది కాదు. కింది వాటా పెద్దావిడ అరపొట్లం ప్రసాదంలా ఇస్తే, వీడు దాంతో నా బుద్ధుడికి ప్రాణప్రతిష్ఠ చేశాడు. ఫ్రిజ్‌లో ఉన్నంతసేపూ ఆయన సమాధిలో ఉన్నాడు. హీటర్ సెగ తగలగానే లేచాడు.

ఇద్దరం గుడ్లప్పగించి చూస్తుండగానే బుగ్గలు వచ్చాయి. మెడ పోయింది. పొట్ట ఒళ్లోకి జారింది. తలమీది ఆవాలు ఎడం అయిపోయి బట్టతల పడింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను బుద్ధుణ్ణి చేయబోతే వినాయకుడయ్యాడు, తొండం ఒక్కటే తక్కువ.

"నేను తీసేస్తాను," అన్నాను.

"కెమెరాలో పడతావమ్మా."

"పాకుతూ వెళ్తాను."

"వద్దమ్మా. అమ్మా. వద్దంటుంటే."

వాడి మాట వినలేదు. ఆ రోజు ఎవరి మాట విన్నాను గనక? కొంగు నడుముకి బిగించి, నాలుగు కాళ్ల మీద, సోఫా చాటుగా, కుర్చీ వెనగ్గా కిటికీ కిందకి చేరాను. యాభై ఎనిమిదేళ్ల వయసులో నా మోకాళ్లు చేసిన చప్పుడుకి వసుధ మాట ఒక్క క్షణం తడబడింది. నేను ఊపిరి బిగబట్టి, చెయ్యి మాత్రం పైకెత్తి తడుముతున్నాను.

తెరలో ఉన్నవాళ్లకి ఏం కనపడిందో తర్వాత కిరణ్ చెప్పాడు. సింహాసనం, దాని మీద ఉబ్బుతున్న దేవుడు, పక్కన కింది నుంచి మొలిచిన గాజుల చెయ్యి, అరచెయ్యి వాళ్ల వైపు. నా దురదృష్టం, అదీ అభయ ముద్రే.

తెల్లగడ్డం పెద్ద ప్రొఫెసర్ ఏదో అన్నాడు. వసుధ వెనక్కి తిరిగింది. ముందు పీట మీదాయన్ని చూసింది. తర్వాత పీట కిందున్న నన్ను చూసింది.

"అత్తయ్యా," అంది. కోపమైతే బాగుండేది. ఏడుపుకి ముందుండే గొంతు అది.

"ఖాళీగా ఉందని," అన్నాను నేల మీద నుంచే.

వసుధ తెర వైపు తిరిగి ఉన్నదున్నట్టు చెప్పింది. ఇది గోధుమపిండి, ఇవాళ పొద్దుటిది, చేసిన శిల్పి మా అత్తగారు. ఆ గడ్డం ఆయన నవ్వలేదు. ఒక ప్రశ్న వేశాడు. సోఫా చాటుకి వచ్చి కిరణ్ నాకు గొణిగాడు: "తరాల తరబడి ఎవరూ నింపకుండా ఉండగలిగిన పీటని మీ అత్తగారు ఒక్క పొద్దు ఓర్చుకోలేకపోయారు. మరి వాళ్లెలా ఓర్చుకున్నారు? అని అడుగుతున్నాడు."

నాకు చెమటలు పట్టాయి. కొంత హీటర్ వల్ల కూడా. వసుధ కాగితాలు పక్కకి తోసేసింది. ఈసారి మెల్లగా మాట్లాడింది.

"ఏమందిరా?"

"వాళ్లకి అది ఖాళీగా కనపడలేదు కాబట్టి నింపాలనిపించలేదంది. మా అత్తయ్యకి ఖాళీగా కనపడింది కాబట్టి నింపారంది. చూసే కళ్లు మారాకే పీట మీదకి బొమ్మ వచ్చిందంది."

ముగ్గురూ ఏదో రాసుకున్నారు. అప్పుడు పెద్దాయన ముందుకి వంగి నా బొమ్మని కళ్లజోడు సర్దుకుని చూసి అన్నాడట: "వచ్చినప్పుడు అమరావతి మనిషి. గంట తిరక్కుండా చైనా చేరాడు. మేం ఈ ప్రయాణం చెప్పడానికి రెండు సెమిస్టర్లు తీసుకుంటాం." చైనా బొమ్మల కొట్లో పొట్టేసుకుని నవ్వే బట్టతలాయన ఉంటాడే, అచ్చం అలా ఉన్నాడు మరి.

వసుధ పాసైంది. మంచి మార్కులే వచ్చాయి. ఉద్యోగమూ వచ్చింది. తర్వాత రెండు రోజులూ ఎవరూ అడగకుండానే అంట్లన్నీ నేనే తోమాను.

అయిపోయిందనుకున్నాను. జర్మనీలో ఏదీ అలా అయిపోదు. పరీక్షంటే దానికో ప్రోటోకోల్ రాయాలట. ఎన్నింటికి మొదలైంది, ఎందుకు ఆగింది, ఎన్నింటికి ముగిసింది, అన్నీ. వారానికి ఆ కాగితం పోస్టులో వచ్చింది, మూడు సంతకాలూ ఒక ముద్రతో. కిరణ్ నాకు చదివి వినిపించాడు: "అంతరాయం పదకొండు నిమిషాలు. కారణం: అభ్యర్థి అత్తగారు తయారుచేసిన బుద్ధుడు పొంగడం."

ఐదో క్లాసు దాటని నేను ఆ విధంగా యూనివర్సిటీ రికార్డుల్లోకి ఎక్కాను.

అందుచేత మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ దేవుడైనా తన పీట మీద తాను లేకపోతే, దానికి ఆయన కారణాలు ఆయనకుంటాయని సరిపెట్టుకుని దణ్ణం పెట్టి తప్పుకుంటాను. ఖాళీ కనపడ్డ ప్రతిచోటా వడ్డించబోను. ఒకవేళ చేతులు ఊరుకోక మళ్లీ ఎవరినైనా కూర్చోబెట్టాల్సి వస్తే, ముందు ఆ పిండిని గంటసేపు హీటర్ మీద పెట్టి చూస్తాను.