కొండల అవతల కొంగు

మా చిన్నప్పుడు... అమావాస్య వస్తోందంటే నాకూ తమ్ముడికీ ఎక్కడలేని హుషారు. ధర్మవరంలో మా వీధి మగ్గాలన్నిటికీ ఆ రోజు సెలవు. టకటకలు లేక వీధంతా ఒకటే నిశ్శబ్దం... మేమిద్దరం మాత్రం పొద్దున్నే మామ ఇంటి ముందు హాజరు.

మామ అంటే అమ్మ తమ్ముడు. చీరలకు డిజైన్లు గీసేవాడు. మా వీధిలో మొదటి కంప్యూటర్ ఆయనదే. అందులో ఒక గేమ్ ఉండేది... కత్తి పట్టుకున్న వీరుడొకడు తెలియని దేశంలో నడుస్తూ పోతాడు. నడిచిన మేర పటం మీద వెలుగు వస్తుంది. అడవులు, ఊళ్లు, పడమట సముద్రం. నడవని చోటంతా నల్లటి చీకటి. డిజైన్ల పని లేనిది అమావాస్య నాడే కాబట్టి నెలకు ఒక్కరోజే మా నడక!

మిగిలిన నెలంతా ఊహించడమే... ఆ నల్లటి చోట ఏముందో అని.

మాకంటే మా అవ్వకు, అంటే నాయనమ్మకు, ఆత్రం ఎక్కువ. కంప్యూటర్ ముందు ఒక్కసారీ కూర్చోలేదు. మా ఇంటి వసారాలో రాట్నం మీద పట్టు కండెలు చుడుతూ, మేం రాగానే అడిగేది.

"ఏమ్మే, కొండలు దాటినారా? ఆడ నీళ్లుండాయా?"

"ఇంకా లేదవ్వా... తూర్పంతా చీకటే."

"తూర్పునా సముద్రమే ఉంటాది పోవే. ఒక పక్క అంచుండి ఇంకో పక్క లేని చీర మనింట్లో ఎప్పుడన్నా దిగిందా? కొండల అవతల కొంగు వస్తాది, సూడు. పనితనమంతా ఆడే ఉంటాది!"

నవ్వకండి... మేం నిజంగా నమ్మాం. దేశమన్నాక రెండు అంచులు, చివర కొంగు ఉండి తీరాలి. మగ్గం ఇంట్లో పుట్టిన పిల్లలకు ఇంకేం తోస్తుంది! లెక్కల క్లాసులో కూడా నా కళ్ల ముందు ఆ కొంగే. మా చిత్రావతి ఏట్లో ఇసుక తప్ప చూడని దాన్ని కదా... నా కొంగులో రెండు నదులు పారేవి, రెండిట్లోనూ నిండా నీళ్లు.

ఎట్టకేలకు కొండల దాకా చేరాం. వచ్చే అమావాస్యకు దాటేస్తాం. ఆ నెల ఎంతకీ గడవలేదు...

తీరా వెళ్తే గేమ్ లేదు. కొత్త డిజైన్ సాఫ్ట్‌వేర్ కోసం మామ కంప్యూటర్ మొత్తం తుడిపించేశాడట. మా దేశం పోయింది. తమ్ముడు గడపలోనే కూలబడి బోరుమన్నాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

సంగతి తెలిసి అవ్వ విసవిసా వచ్చింది. "ఏమప్పా, పిల్లోళ్లు నెలల తరబడి నడిచిన దేశం... అంత సులువుగా తుడిపేస్తివా!"

మామ మొహం చిన్నబోయింది. కాసేపు తల గోక్కుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఏడ్సాకండబ్బా. కొండల అవతల ఏముండాదో మీరే చెప్పండి, నేను గీస్తా."

చెప్పాం. నదులు నావి, పడవ తమ్ముడిది... చివర సముద్రం అవ్వది. ఆయన తెర మీద డిజైన్ గళ్లు ఒక్కొక్కటే నింపుకుంటూ పోతుంటే ఆ చీకటి దేశం మా కళ్ల ముందే తెల్లవారింది.

ఆ కొంగును నాయన మా మగ్గం మీదే నేశాడు. వంకాయ రంగు చీర, జరీ కొంగు. మగ్గం దిగిన రోజు అవ్వ ఆ సముద్రాన్ని అరచేత్తో నిమిరింది. "సూసినారా, చెప్పలేదా నేను!"

మరునాడే చీర షావుకారు కొట్టుకు వెళ్లిపోయింది. నేసిన చీర మాకెప్పుడు మిగిలింది గనక...

ఇప్పుడు ఫోన్‌లో ఏ పటం తెరిచినా నల్లటి చోటన్నదే లేదు. ఆ గేమ్ పటం కూడా ఎవరో పూర్తిగా పెట్టారని తమ్ముడు లింకు పంపాడు. నేను తెరవలేదు. అవ్వ ఇప్పుడు లేదు... ఆమె మాటే చాలు నాకు.

మీ అమ్మ బీరువాలోనో, అత్తగారి పెట్టెలోనో వంకాయ రంగు ధర్మవరం పట్టుచీర ఉంటే ఒక్కసారి కొంగు విప్పి చూడండి... కొండలు, రెండు నదులు, సముద్రం మీద ఒక చిన్న పడవ కనిపిస్తే ఇక్కడ ఫోటో పెట్టరూ? అది మా దేశమండీ... మా అవ్వ సముద్రాన్ని ఇంకొక్కసారి చూసుకోవాలనుంది.