గేటు బయట కూర్చున్న అక్క

మంగళవారం పొద్దున స్కూలుకు బయలుదేరుతుంటే ఫోన్ వచ్చింది. "మీ అక్క ఇగ లేదు" అన్నారు ఆమె భర్త. ఆ మాటతోనే ఫోన్ పెట్టేశారు. లింగంపల్లిలో ప్రతి శుక్రవారం సాయంత్రం తన ఇంట్లో ప్రార్థన కూటం జరిపిన, తోబుట్టువు కాకపోయినా మేమంతా అక్కా అని పిలిచిన ఆమె గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను. ఆమె నాకు ఏం చేసిందో చెప్పాలంటే, ముందు నేను చేసిన తప్పు చెప్పాలి.

తొంభైల చివరి రోజులు. గుంటూరు వైపు పల్లె నుంచి వచ్చి, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేసి, మూసాపేటలో ఒక గదిలో ఉండేవాణ్ణి. అక్కది మెదక్ వైపు. జాకెట్లు కుట్టేది. ఆమె భర్తకు రైలు పట్టాల మీద పని. వాళ్ళ రెండు గదుల కిరాయి ఇంట్లో, కుట్టుమిషన్ గోడకు జరిపితే పదిమందిమి పట్టేవాళ్ళం. ఒక పాట, కొంచెం బైబిల్ వాక్యం, ఆ తర్వాత ఒక్కొక్కరూ ఆ వారం ఎలా గడిచిందో చెప్పాలి. ఎవరైనా "దేవుని దయవల్ల బాగున్నానండి" అంటే అక్క ఊరుకునేది కాదు.

"బాగున్న అని బయట అందరికీ చెప్తవు. ఈడ ఎట్లున్నవో చెప్పు. దేవునికి ఎట్లయినా ఎర్కే. మాకు ఎర్కైతెనే గదా, నీ చెయ్యి పట్టేది" అనేది.

ఆ కూటంలోనే ఒక శుక్రవారం నేను నిలబడి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాను. మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనంలో ఉద్యోగం వచ్చిందనీ, అది దేవుడిచ్చిందేననీ. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. రెండేళ్ళ అనుభవం ఉన్నట్టు నేను దొంగ సర్టిఫికెట్ పెట్టానని ఆ గదిలో ఎవరికీ తెలియదు.

నాలుగు నెలలు గడిచాయి. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయికి నిజంగానే మూడేళ్ళ అనుభవం ఉంది. నాకు చేతకానివి అడక్కుండానే సరిదిద్దేది. ఒకరోజు నేను తెలియక రాసిన ప్రోగ్రాం క్లయింటు ఫైళ్ళను పాడుచేసింది. దాన్ని చివరగా తెరిచింది ఆమె కాబట్టి తప్పు ఆమె మీదికి పోయింది. ఉంచాలో తీసెయ్యాలో సోమవారం చెబుతామన్నాడు మేనేజరు. ఆ మధ్యాహ్నం ఆమె అన్నం డబ్బా తెరిచి, తినకుండానే మూత పెట్టేసింది.

శుక్రవారం కూటంలో నా వంతు వచ్చింది. "బాగున్నానండి" అన్నాను. అక్క నన్నే చూస్తూ కూర్చుంది. చెప్పేశాను. సర్టిఫికెట్ గురించి, ఆ అమ్మాయి గురించి, ఇదే గదిలో నేను చెప్పిన సాక్ష్యం గురించి.

కూటానికొచ్చే ఒకాయన, "ఇప్పుడు చెబితే పోలీసు కేసవుద్దేమోనండి. తొందరపడొద్దు" అన్నాడు.

"మరి గా పిల్ల కొలువు పోతే?" అంది అక్క.

అక్క నా వైపు తిరిగింది.

"పోయి చెప్పాలె తమ్మీ. ఒక్కనివి పోలేవు. నేనొస్త."

సోమవారం నేను వెళ్ళేసరికి అక్క ఆఫీసు గేటు దగ్గర నిలబడి ఉంది. ఎవరిదో పెళ్ళి జాకెట్ల పని ఆపుకుని వచ్చింది. వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు. "నువ్వొచ్చేదాంక ఈణ్ణే ఉంట, పో" అని రోడ్డు అవతల ఒక బండరాయి మీద కూర్చుంది.

చెప్పటానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మేనేజరు పెన్ను మూత తీస్తూ, పెడుతూ విన్నాడు. బయట కూర్చోమన్నాడు. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. ఎవరెవరో ఆయన గదిలోకి వెళ్తున్నారు, వస్తున్నారు. ఫోన్ మోగినప్పుడల్లా పోలీసులేనేమో అనుకున్నాను. మెట్ల దగ్గరి అద్దంలోంచి చూస్తే కింద అక్క కొంగు తల మీద కప్పుకుని అక్కడే ఉంది. ఎండ ముదురుతోంది. ఒక్కసారి ఆమె పైకి చూసింది. నేను కనిపించి ఉండను.

మూడో గంటలో పిలిచారు.

"నీ అంతట నువ్వే వచ్చి చెప్పావు కాబట్టి కేసు పెట్టడం లేదు. కార్డు ఇచ్చేసి వెళ్ళు."

"ఆ అమ్మాయి సంగతండీ?"

"ఆమె పని ఆమె చేసుకుంటుంది."

బయటికొచ్చాను. అక్క ముఖం ఎండకు కమిలిపోయి ఉంది.

"పోయిందక్కా" అన్నాను.

"గా పిల్లది?"

"ఉంది."

నా భుజం మీద చెయ్యి వేసింది. దేవుడు ఇంకోటి ఇస్తాడని అంటుందేమోనని చూశాను. అనలేదు. నాకు కోపమొచ్చింది. నా బతుకు పోతే ఈమెకు ఆ అమ్మాయి గురించే బెంగ అనుకున్నాను. వరసగా మూడు శుక్రవారాలు కూటానికి పోలేదు.

నాలుగో వారం అక్కే మూసాపేటకు వచ్చింది. కుర్చీ ఇస్తే వద్దని చాప మీద కూర్చుంది. మందలిస్తుందని నేను తల దించుకున్నాను.

"నీ నోటికాడి బువ్వ నేనే తీసేసిన్నేమో అని పరేషానైతుంది తమ్మీ" అంది. "మోకాళ్ళ మీద కూసుంటె మాట వస్తలేదు. అందరికీ ధైర్యం చెప్పేదాన్ని, నాకే లేదు. నా కోసం జర ప్రార్థన చెయ్యి."

అక్కకు కూడా అలాంటి రోజులుంటాయని నాకెప్పుడూ తట్టలేదు. ఇంకొకరి కోసం నా సొంత మాటలతో నేనెప్పుడూ ప్రార్థన చేసి ఎరగను. కళ్ళు మూసుకున్నాను. "ప్రభువా, అక్క చెప్పింది తప్పు కాదు" అన్నాను. అంతకు మించి ఒక్క మాట రాలేదు. అక్క వెక్కివెక్కి ఏడ్చింది. ఆ మాట ఆమె కోసం అన్నాను గాని, నా చెవిన పడ్డాకే అది నిజమని నాకు తెలిసింది.

ఎనిమిది నెలల తర్వాత లింగంపల్లిలో ఒక చిన్న స్కూల్లో కంప్యూటర్ టీచరుగా చేరాను. ఈసారి ఉన్న కాగితమే చూపించాను. ఇప్పటికీ ఆ పనే. కూటంలో మా అందరి వంతులు అయ్యాక, అప్పటి నుంచి అక్క "ఇగ నా వంతు" అని తన కష్టం కూడా చెప్పేది. మేం వినేవాళ్ళం.

బుధవారం సమాధి చేశాం. అది రాళ్ళ నేల. తవ్వినవాళ్ళు మట్టితో పాటు రాళ్ళూ వేసి పూడ్చారు. పాట అయిపోయింది, జనం వెళ్ళిపోయారు. ఆమె భర్త మాత్రం కదల్లేదు.

"వెళ్దాం రండి, అన్నా" అన్నాను.

"మీరు నడుస్తుండుండ్రి. వస్త."

ప్రహరీ దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూశాను. ఆ ముసలాయన గొంతుక్కూర్చుని, ఆమె మీద వేసిన తడి మట్టిలోంచి గులకరాళ్ళు ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతున్నారు. కాళ్ళ వైపు ఏరడం అయిపోయింది. మెల్లగా తల వైపుకు జరుగుతున్నారు.