బొగ్గూ పులుసూ కలిస్తే చక్కెర

నేను బడి మానేసింది ఒక మాటకు నోరు తిరగకే అని ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను. ఆ మాట కిరణజన్య సంయోగక్రియ. జమ్మలమడుగులో మేనత్త ఇంట్లో ఉండి ఎనిమిదో తరగతి చదివేటప్పుడు సైన్సు సారు దాన్ని బోర్డు మీద రాశాడు. ఈ చివర మొదలుపెడితే ఆ చివరకు గానీ అయిపోలేదు. ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి, వేరు పంపిన నీళ్లతో కలిపి, ఎండ బలంతో చక్కెర చేస్తుందన్నాడు. నేను లేచి నిలబడ్డాను.

“బొగ్గూ పులుసూ కలిపితే చక్కెర యాడ నుంచి వస్తాది సార్? మా అత్త పులుసు కాస్తే కడుపునొప్పే వస్తాది.”

తరగతంతా పడీపడీ నవ్వింది. సారు కూడా నవ్వి, నా చెవి మెలిపెట్టాడు. ఆయన చెప్పిన మిగతా సగం పాఠం ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది. ఆ ఏడే నాయన నన్ను పులివెందుల దగ్గరి మా ఊరికి, తోట పనికి పిలిపించుకున్నాడు. బత్తాయి తోట. మా వైపు చీనీ అంటాం.

మా ఊళ్లో పార్టీ అంటే జెండా కాదు, ఏ ఇంటి అరుగు మీద కూర్చుంటావన్నది. నాయన ఏ అరుగు మీదా కూర్చోలేదు, అందుకని రెండు పార్టీలకూ అనుమానమే. కొన్నేళ్లకు వచ్చిన ఎన్నికలప్పుడు, గొడవలకు భయపడి ఇంటికి తాళం వేసి ప్రొద్దుటూరులో చుట్టాలింటికి పోయాం. ఓట్లు లెక్కపెట్టిన వారానికి తిరిగొచ్చాం. పగబట్టినవాళ్లు తోటలు నరకడం మా వైపు మామూలే. నాయన బస్సులో దారి పొడవునా కిటికీలోంచి తోటలే చూస్తూ వచ్చాడు.

తోట నిలబడే ఉంది. పచ్చగా, కాయలతో. దగ్గరికి పోతే, ప్రతి చెట్టుకూ మోకాలెత్తున, మాను చుట్టూ జానెడు బెరడు ఒలిచేసి ఉంది.

నాయన మొహం చూడలేక అన్నాను: “ఏం కాలేదులే నాయనా. గొడ్డలి పట్టేకి చేతగాక గడ్డం గీసి పోయినారు. మల్లా మొలుస్తాది.”

నాయన నవ్వాడు. ఎన్నికల గోల మొదలయ్యాక ఆయన నవ్వడం అదే మొదలు. నాకు గర్వమనిపించింది. చెట్టుకు తిండి వేరు నుంచే పోతుందని మా నమ్మకం. పాదులు తవ్వి పశువుల ఎరువు వేశాం, నీళ్లు రెండింతలు పెట్టాం. ఆకులు పచ్చగానే ఉన్నాయి. ఆ కాపు ఎన్నడూ లేనంత తీపి. పులివెందుల మండీలో వ్యాపారి కాయ కోసి చప్పరించి, “ఏం మందు ఏసినావు మామా?” అని నాయనను అడిగాడు.

“గడ్డం గీయించినాం,” అన్నాను నేను.

తర్వాతి ఎండాకాలానికి కొమ్మల చివర్లు ఎండాయి. ఆకులు పసుపుబారి రాలాయి. మా ఊరి పేరు చెబితే భయపడి వ్యవసాయ ఆఫీసు నుంచి ఎవరూ వచ్చే రోజులు కావవి. జమ్మలమడుగు పోయి, రిటైరైన మా సైన్సు సారును బతిమాలాను. ఆదివారం చర్చి కాగానే, ఆ తెల్ల చొక్కాతోనే వచ్చాడు. మట్టిలో చతికిలబడి పాదు తవ్వి వేరు తీశాడు. వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా నలిగిపోయింది.

“నీళ్లు కట్టెలో నుంచి పైకి పోతాయప్పా. ఆకు చేసిన చక్కెర బెరడులో నుంచి కిందికి దిగుతాది. ఆ దోవ తెంచినారు. చక్కెర పైన్నే నిలిచి కాయలు తీపెక్కినాయి. వేరు ఆకలికి సచ్చింది.”

“చూసిన దినమే మిమ్మల్ని పిల్చింటే?” అన్నాడు నాయన.

“ఆ చెట్టు రెమ్మలే కోసి, గాయానికి పైనా కిందా బెరడులో దూర్చి, వంతెన మాదిరి అంటు కట్టింటే శానా చెట్లు బతికేవేమో. ఇప్పుడు లాభం లేదు.”

నాయన ఆ వేరును అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉన్నాడు.

“మావోడు మీ కాడే సదివినాడు కదా సార్. ఈ పాఠం పిల్లోళ్లకు చెప్పరా?”

సారు నా వైపు చూశాడు. బొగ్గూ పులుసూ ఆయనకు గుర్తున్నాయని ఆ చూపులోనే తెలిసింది. నేను వంగి, తవ్విన మట్టిని పాదులోకి తోశాను.

“చెప్తామప్పా,” అన్నాడు సారు. “ఆ దినం వీడు బడికి రాలేదు.”

నాయన తల ఊపాడు. గొడ్డలి తెమ్మని నన్ను ఇంటికి పంపాడు.