పాటు వేళ బేరం

నొప్పులు పడుతున్న ఆడపడుచును పక్కన పెట్టుకుని, పడవ కూలిని సగానికి తెగ్గొట్టిన మనిషి బర్మాలో, యాంగాన్ పట్నంలోని పజుండౌంగ్ బజారు మొత్తానికి నేనొక్కతినే. ఇంత గొప్ప సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు. మొన్న లైంగ్‌థార్యార్ వంతెన మీద బస్సు ఆగిపోతే, మనవరాలు ఫోనులో పటం తెరిచి, ఈ నీలం గీతలన్నీ నదులేనా మామ్మా అని అడిగింది. మన కింద పారేది లైంగ్, అదే దిగువకు పోయి యాంగాన్ నది అవుతుంది, తూర్పు నుంచి పెగూ వచ్చి కలుస్తుంది, పడమటంతా ఐరావతి పాయలు పాయలుగా చీలి సముద్రంలో పడుతుంది అని చూపిస్తూ చూపిస్తూ, పేరైనా రాయని ఒక సన్న గీత దగ్గర నా వేలు ఆగిపోయింది.

మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో డెల్టా ఊళ్ళలో గడియారం చూసి ఎవరూ బయల్దేరేవారు కాదు, నీళ్ళు చూసి బయల్దేరేవారు. సముద్రం పోటు మీద ఉంటే పాయ నిండుగా ఉంటుంది. పాటు మొదలై నీళ్ళు తీస్తే మిగిలేది నడుములోతు బురద. మా ఆడపడుచు మొగుడు అలాంటి పాయ ఒడ్డునే కిరాణా కొట్టు పెట్టాడు. అతను సరుకుకని పట్నం వెళితే తోడుండడానికి నేను వెళ్ళాను, మూడో నాడే ఆమెకు నెలలు నిండకుండా నొప్పులు వచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది, యాంగాన్ ఆసుపత్రికి తీసుకుపొండి, ఆలస్యం చేస్తే ఇద్దరూ దక్కరు అని మంత్రసాని చేతులెత్తేసింది.

నేను మా నాన్న గిన్నెల కొట్టులో పెరిగినదాన్ని. అవసరం మొహంలో కనబడితే ధర రెట్టింపు అన్నదే మాకు ఓనమాలు. అందుకని ఆడపడుచును రేవులో బియ్యం బస్తాల చాటున కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, మూలిగావంటే ధర పెరుగుతుంది, నోరెత్తకు అని హెచ్చరించి, షికారుకు పోయేదానిలా వక్క నములుతూ పడవవాడి దగ్గరికి నడిచాను. ఊలే, అంటే బాబాయ్, అని తియ్యగా పిలిచి బేరం మొదలుపెట్టాను. మధ్యలో అతను పాయ వైపు చూసి, చాబీ అన్నాడు. బర్మా మాటలో ధర దిగినా చాబీయే, నీళ్ళు దిగినా చాబీయే, దిగిందేదో విడిగా చెప్పరు. కొట్టులో పెరిగిన చెవికి దిగేది ధర ఒక్కటే. దిగిందిగా, ఇంకాస్త దిగనీ అనుకుని, వద్దులే అన్నట్టు నాలుగడుగులు వెనక్కి వేసి మళ్ళీ వచ్చాను. మూడోసారి చాబీ అన్నప్పుడు అతని గొంతులో చిరాకు వినబడితే, ఓడిపోయాడని మురిసిపోయాను. సగానికి ఒప్పించి, అప్పుడు దుప్పటి తీశాను. అతను నోట్లోని చుట్ట పారేసి, పరుగున వచ్చి ఆమెను ఎత్తి పడవలో పడుకోబెట్టాడు.

పెద్ద నది మీద స్టీమరు పోవడం కళ్ళకు కనబడుతుండగా, పాయ నోటి దగ్గర పడవ అడుగు బురదను పట్టుకుంది. అతను దిగి తోశాడు, నడుము దాకా కూరుకుపోయాడు, పడవ జానెడు కదల్లేదు. మళ్ళీ పోటు వచ్చేదాకా ఇంతే అని చేతితో చెప్పాడు. నెత్తిన ఎండ, చుట్టూ బురదలో పీతలు. ఆడపడుచు నా మణికట్టు పట్టుకుని, నొప్పికీ నొప్పికీ మధ్య అడిగింది:

“బేరం బాగయ్యిందా ఒదినా?”

“మాటాడకే. ఓపిక దాచుకో.”

“ఆడు నీళ్ళు దిగిపోతన్నాయని మూడుసార్లు సెప్పినాడు. నాను ఇన్నాను.”

“ఇని మరి నాకు సెప్పవేటే?”

“నోరెత్తొద్దన్నావు గదా. ధర పెరుగుతాదని.”

నీళ్ళు మళ్ళీ పడవను లేపేసరికి ఎండ వాలింది. ఆమె దక్కింది. బిడ్డ ఊపిరి దారిలోనే పోయిందన్నారు ఆసుపత్రిలో. బస్తాల చాటు సంగతి ఆమె తను పోయేదాకా వాళ్ళ అన్నకు, అంటే మా ఆయనకు, చెప్పలేదు.

ఇప్పుడు వంతెనలున్నాయి, వ్యానులున్నాయి, ఆ పాయలో పాటు ఎప్పుడో ఎవరికీ అక్కర్లేదు, బస్సులో టిక్కెట్టుకు బేరమే లేదు. మంచిదే. ఆ రోజు పడవవాడు యాంగాన్ రేవులో మమ్మల్ని దింపి, కూలి అడక్కుండానే తెడ్డు తిప్పుకుని వెళ్ళిపోయాడు. కాబట్టి ఆ ప్రయాణంలో నాకు ఒక్క చాట్ నోటు కూడా ఖర్చు కాలేదు. ఖర్చయింది ఒక ఆడపిల్ల.