చుక్కల పిల్ల

మాచర్ల నుంచి గురజాల వెళ్లే బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ నా ఫోన్‌లోకి తొంగి చూసింది. తెర మీద ఎండుటాకుల మధ్య కుందేలంత జంతువు, ఒంటి మీద తెల్లచుక్కల బారులు.

"పాపం, దీని తల్లేదమ్మాయ్?"

"ఇది పిల్ల కాదు పెద్దమ్మా, మూషిక జింక. ఎంత ఎదిగినా ఇంతే ఉంటుంది, కొమ్ములు రావు. నిజానికి జింకల కుటుంబమే కాదు, వేరే," అన్నాను, తెలిసింది చెప్పే హుషారులో.

రెంటచింతల దాటాక ఆమె కిటికీలోంచి చూస్తూనే అంది.

"పోయినేడు మేకలెంబడి అడివికి పోతే ఇట్టాంటిదే దొరికింది. దుప్పి పిల్ల తప్పిపోయిందనుకుని కొంగులో చుట్టి ఇంటికి తెచ్చా. మేకపిల్లలకి పట్టినట్టే సీసాతో పాలు పట్టా. చానా బతిమాలా, గుటకెయ్యలా. తెల్లారేసరికి పోయింది."

నావైపు తిరిగింది.

"పొట్ట కింద తడిగా ఉంటే సీసా పాలు ఒలికినయ్యనుకున్నా. పాలిచ్చే తల్లిని తెచ్చానేందమ్మాయ్?"

గురజాల వచ్చేదాకా ఆమె అరచేతిని చీరకు తుడుచుకుంటూనే ఉంది.

ఇప్పటికీ ఆ ఫొటో చూసి ఎవరైనా "పిల్ల ఎంత ముద్దుగా ఉందో" అంటే, అవునంటాను.