గ్రూపులో పెట్టిన పిలుపు

ఆస్ట్రేలియాలో మా పండుగలన్నీ శనివారమే వస్తాయి. పంచాంగం ప్రకారం ఉగాది మంగళవారమైతే ఆ రోజు అందరం ఆఫీసుకు వెళ్తాం, పచ్చడి శనివారం కలుపుకుంటాం. దీపావళి అమావాస్య నాడు కాదు, హాలు దొరికిన నాడు. వచ్చిన కొత్తలో నాకిది వింతగా ఉండేది. తర్వాత ఎంత అలవాటైందంటే, మధ్యాహ్నం ఒకరింట్లో వ్రతం భోజనం చేసి, సాయంత్రం మరొకరి పిల్లవాడి పుట్టినరోజులో కేకు తిని, మూడో ఇంటివాళ్ళకు 'ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం, సారీ' అని కారులోంచే మెసేజ్ పెట్టి ఇంటికి పోయి పడుకునేవాణ్ణి. పిలిచినవాళ్ళు మా కోసం విస్తరి వేసి ఎదురుచూస్తారన్న ఆలోచన నాకు ఎన్నడూ రాలేదు.

పెళ్ళికి ముందు పెండిల్ హిల్ అనే పేటలో నలుగురం కుర్రాళ్ళం ఒక ఇల్లు అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. స్టేషన్ దిగి నడిచి వస్తుంటే కొట్లలోంచి కరివేపాకు వాసన, దోసె కాలుతున్న వాసన వచ్చేవి. ఆ వాసనకే కడుపు నింపుకుని ఇంటికొచ్చి నూడుల్స్ ఉడకబెట్టుకునేవాళ్ళం. మొదటి వినాయక చవితికి పత్రి కావలసి వచ్చింది. వెనక వీధిలో ఒక ఇంటి ఫెన్సు మీదుగా మామిడి కొమ్మ బయటికి వంగి ఉండేది. దాన్ని వంచి ఆకులు తుంచుతూ ఉండగా లోపల్నుంచి తెలుగులో గొంతు వినపడింది.

"దొంగపత్రితో పూజ చేస్తే వినాయకుడు ఊరుకుంటాడటోయ్? గేటు తీసే ఉంది. లోపలికొచ్చి కోసుకోండి."

అంకుల్‌ను నేను చూడటం అదే మొదలు. మేం పుట్టకముందే గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ దంపతులు వాళ్ళు. ఆయన రైల్వేలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆంటీ డాక్టరు, దగ్గర్లోనే ఒక క్లినిక్‌లో ఇప్పటికీ పనిచేస్తారు. వాళ్ళ అమ్మాయి పెర్త్‌లో ఉంటుంది. ఆ రోజు పత్రి కోసం లోపలికి వెళ్ళిన మేం ఉండ్రాళ్ళు తిని బయటికి వచ్చాం. తర్వాత ఏ పండుగకైనా మా భోజనం వాళ్ళింట్లోనే. శనివారానికి వాయిదా వేయకుండా, పంచాంగంలో ఉన్న రోజునే, క్లినిక్ నుంచి వచ్చాక చేసుకునే ఇల్లు నేను చూసినంతలో అదొక్కటే.

పెళ్ళయి మా ఆవిడ వచ్చాక ఆంటీ ఆమెనూ చేరదీశారు. ఉద్యోగం లేక, పగలంతా ఒంటరిగా ఉండే రోజులవి. ఆదివారాలు ఆంటీ తన కారు ఇచ్చి, ఖాళీగా ఉండే కార్ పార్కులో ఆమెకు డ్రైవింగ్ నేర్పారు. నేను వెనక సీట్లో ఫోను చూసుకుంటూ కూర్చునేవాణ్ణి.

"మిర్రర్ చూడమ్మా," అనేవారు ఆంటీ. "మిర్రర్‌లో మీ ఆయన్ని కాదు, వెనకొచ్చే కారుని."

నిజానికి మొగుడు నేర్పాల్సిన పని అది. రెండుసార్లు కూర్చోబెట్టి, రెండుసార్లూ కేకలేసి వదిలేశాను. ఆంటీ నేర్పుతుంటే హాయిగా ఉందనుకున్నాను, అంతే.

తర్వాత రౌస్ హిల్‌లో ఇల్లు తీసుకుని వెళ్ళిపోయాం. కారులో వెళ్తే పెద్ద దూరమేమీ కాదు. అయినా వెళ్ళడం తగ్గింది. ఆంటీ ఫోన్ చేసినప్పుడల్లా "ఈ వీకెండ్ తప్పకుండా వస్తాం ఆంటీ" అనేవాణ్ణి. ఆ మాట అబద్ధమని నాకు అనిపించేది కాదు, అంటున్నంతసేపూ వెళ్ళాలనే ఉండేది.

మా ఆవిడకు మూడో నెల నడుస్తున్నప్పుడు అంకుల్‌కు గుండె ఆపరేషన్ అయింది. ఆంటీ ఆ కబురు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కింద నమస్కారాలు వరసగా పడ్డాయి. నేనూ ఒక నమస్కారం బొమ్మ, 'గెట్ వెల్ సూన్ అంకుల్' పెట్టాను. మా ఆవిడకు అప్పుడు వాంతులు ఎక్కువ, కారెక్కితే తల తిరిగేది.

"నేనెలాగూ రాలేను. మీరైనా ఒకసారి వెళ్ళి చూసి రండి," అంది.

"హాస్పిటల్లో డిస్టర్బ్ చేయడం ఎందుకు? ఇంటికొచ్చాక ఇద్దరం వెళ్దాం."

ఆయన ఇంటికొచ్చారు. ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందని ఒక వారం, వర్షమని ఒక వారం, ఆమెకు బాగాలేదని ఇంకో వారం. ఆమె అనారోగ్యాన్ని నా బద్ధకానికి అడ్డం పెట్టుకున్నాను. ఆమె మాత్రం ప్రతివారం ఆంటీకి ఫోన్ చేసేది. నా గురించి అడిగితే ఏం చెప్పేదో నేను అడగలేదు.

ఏడో నెలలో సీమంతం అనుకున్నాం. మావైపు కడుపుతో ఉన్న అమ్మాయికి పుట్టింటివాళ్ళు చలిమిడి చేసి తెచ్చి ఒడిలో పెడతారు. తడి బియ్యప్పిండి, బెల్లం పాకం, నెయ్యి, కొబ్బరి. కడుపు చల్లగా ఉండాలని. మా అత్తగారు స్కూలు టీచరు, ఉన్న సెలవంతా పురిటి కోసం దాచుకున్నారు, సీమంతానికి రాలేరు.

"అమ్మ బదులు ఆంటీ చలిమిడి పెడితే నాకు చాలు," అంది మా ఆవిడ. "ఇంకేం లేకపోయినా పర్లేదు."

"దానిదేముంది, చెప్తాను."

నేను చేసింది ఏమిటంటే, హాలు ఖాళీగా ఉన్న శనివారం చూసి బుక్ చేశాను. ఫోనులో ఒక ఇన్విటేషన్ కార్డు తయారుచేసి, నెమలీకలు, గాజుల బొమ్మలు పెట్టి, గ్రూపులో పడేశాను. ఆ శనివారం ఇంకా ఆరు రోజులుందనగా, ఆదివారం పొద్దున ఆమె అడిగింది.

"ఆంటీకి చెప్పారా?"

"గ్రూపులో పెట్టాగా. అందరూ చూశారు."

"అందరికీ పెట్టింది కాదు. ఆవిడకి చెప్పారా అంటున్నా."

"చలిమిడి గురించి టెన్షన్ పడకు. క్యాటరింగ్ వాళ్ళు చేస్తారట. హాఫ్ ట్రే ఆర్డర్ కూడా ఇచ్చేశా."

ఆమె దోసె తిప్పడం ఆపి నా వైపు చూసింది. "పుట్టింటి చలిమిడి ట్రేలో వస్తుందా?"

"అదే పిండి, అదే బెల్లం కదా."

"మా అమ్మని కూడా క్యాటరింగ్‌లో ఆర్డర్ ఇవ్వకపోయారా?" అని స్టవ్ ఆపేసింది.

"పోనీ, నువ్వే ఓ ఫోన్ చెయ్యొచ్చుగా. వారం వారం మాట్లాడుతూనే ఉంటావు."

"నా సీమంతానికి నేనే పిలుచుకోవాలా? వచ్చి నాకు తల్లిగా నిలబడండని నేనే అడుక్కోవాలా?" ఆమె గొంతు పెంచలేదు. "అంకుల్‌ని చూడ్డానికి కూడా వెళ్ళలేదు మీరు. ఇప్పుడు ఏ మొహంతో గ్రూపులో పిలుస్తారు?"

కుంకుమ భరిణె నా చేతిలో పెట్టింది. బొట్టు పెట్టి పిలవడం ఆడవాళ్ళ పని, నాకెలా వస్తుందన్నాను. రాకపోతే నేర్చుకోమంది.

ఆ మధ్యాహ్నమే వెళ్ళాను. తలుపు అంకుల్ తీశారు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. మెడ సన్నబడింది. నేను చూసిన పెద్దమనిషిలో సగమే ఉన్నారు.

"రావోయ్. నీ నమస్కారం ఐసీయూలో అందింది," అన్నారు. "తిరిగి పెడదామంటే చేతులకి గొట్టాలున్నాయి. ఏమీ అనుకోకు."

ఆంటీ వంటింట్లోంచి వచ్చి ఎదురుగా కూర్చున్నారు. చేతిలో భరిణె పట్టుకుని నిలబడ్డ నన్ను, భరిణెను మార్చి మార్చి చూశారు.

"శనివారం సీమంతం ఆంటీ. మీరు రావాలి. వాళ్ళమ్మగారి బదులు మీరే చలిమిడి పెట్టాలి."

"కార్డు చూశాను. నెమలీకలు బాగున్నాయి." ఆంటీ గొంతు మామూలుగానే ఉంది. "శుక్రవారం పొద్దున మేం పెర్త్ వెళ్తున్నాం. అమ్మాయి గృహప్రవేశం, అక్కడే పియారా వాటర్స్‌లో. డేట్ పెట్టే ముందు ఒక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని కదా నాన్నా. ముందు వారమో, తర్వాత వారమో పెట్టుకునేవాళ్ళం. మీ ఆవిడ నా దగ్గర ఎప్పుడో మాట వరసకి అంది, ఆంటీ మీరే చేయాలి అని. నువ్వు అడుగుతావని చూశా. కార్డు వచ్చాక ఇంక అడిగేదేముందిలే అనుకున్నా."

కూర్చోమని ఎవరూ అనకపోయినా కూర్చున్నాను. క్యాటరింగ్ సంగతి దాచేయొచ్చు. అయినా చెప్పేశాను, హాఫ్ ట్రే ఆర్డర్ ఇచ్చానని.

అంకుల్ గుండె మీద చెయ్యి పెట్టుకుని నవ్వారు. "వద్దురా బాబూ, కుట్లు లాగుతాయి. చలిమిడి హాఫ్ ట్రేనా? ఫుల్ ట్రే అయితే కవలలా?"

"మీరుండండి," అన్నారు ఆంటీ ఆయన్ను. ఆవిడ నవ్వలేదు. కాసేపు గోడ మీది క్యాలెండరు వైపు చూశారు. "గురువారం రోజు బాగుంది. సాయంత్రం అమ్మాయిని ఇక్కడికి తీసుకురా. బుధవారం రాత్రే బియ్యం నానబోస్తా."

గురువారం ఆఫీసులో రిలీజ్. "చూస్తాను ఆంటీ," అన్నాను.

"చూస్తాననకు. నువ్వు చూస్తానంటే రావని నాకు తెలుసు. వస్తావా, రావా?"

అంత సూటిగా నన్నెవరూ అడగలేదు. ఇన్నేళ్ళూ నేను ఎవరినీ అడగనివ్వలేదేమో.

"వస్తాం ఆంటీ."

బయల్దేరబోతే, "అది తెచ్చింది చూపించడానికా?" అన్నారు, భరిణె వైపు తలాడించి. ఆవిడకు బొట్టు పెట్టాను. కనుబొమల మధ్య కాకుండా కొంచెం పక్కకి పడింది. ఆవిడ తుడుచుకోలేదు.

గురువారం నేను ఉండలేనని మేనేజరుకు సోమవారమే చెప్పాను. పెద్ద యుద్ధం అవుతుందనుకున్నాను. "నో వర్రీస్ మేట్, ఫ్యామిలీ ఫస్ట్," అని వేరే అతనికి అప్పగించాడు. అన్ని వారాలూ నేను చెప్పుకున్న సాకు అంత పలచనిది.

మేం వెళ్ళేసరికి ఇల్లంతా పాకం వాసన. సూట్‌కేసులు హాల్లో ఒక మూలకు జరిపి, తూర్పు ముఖంగా కుర్చీ వేసి ఉంది. ఆంటీ క్లినిక్ బట్టలు మార్చుకుని పట్టుచీర కట్టుకున్నారు. మా ఆవిడ ఫోనులో వాళ్ళమ్మను పిలిచింది. అక్కడ మధ్యాహ్నం, స్కూల్లో భోజనాల వేళ. స్టాఫ్ రూములో టీచర్లందరి తలలూ తెరలోకి వచ్చాయి.

"పాకం ముదరనివ్వకండి వదినగారూ," అన్నారు మా అత్తగారు.

"ఉండపాకం రాగానే దించేశానండీ. మీ అమ్మాయి పళ్ళకేం భయం లేదు."

వెనక ఎవరో టీచరమ్మ, "గసగసాలు వేశారా అడగండి," అంది. వేశానని ఆంటీ పళ్ళెం తెచ్చి కెమెరా ముందు పెట్టి చూపించారు. తర్వాత మా ఆవిడకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆకుపచ్చ గాజులు తొడిగి, చలిమిడి ముద్దను ఒడిలో పెట్టారు. తెరలో అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. అంతలో బెల్లు మోగింది. ఒకరొకరే తలలు తీసేసుకుని క్లాసులకు వెళ్ళిపోయారు. ఆవిడ ఒక్కరే ఇంకాసేపు ఉండి, "ఉంటా తల్లీ, ఏడో తరగతి" అని కట్ చేశారు.

మా ఆవిడ చలిమిడి కొంచెం తుంచి నోట్లో వేసుకుంది. చాలాసేపు నములుతూ కూర్చుంది. ఫొటో తీద్దామని నేను ఫోను ఎత్తితే వద్దని చేత్తోనే చెప్పింది.

శనివారం హాల్లో అందరూ గాజులు తొడిగారు, బిర్యానీ బాగుందన్నారు. హాఫ్ ట్రే చలిమిడి దాదాపు మొత్తం మిగిలింది. కానీ మా ఆవిడ సీమంతమంటే గురువారం జరిగిందనే చెబుతుంది.

ఆ గురువారం బయల్దేరేటప్పుడు ఆంటీకి క్షమాపణ చెప్పాలని మాటలు వెతుక్కుంటున్నాను. ఆవిడే ముందన్నారు. "ఇది అమ్మాయి కోసం చేశాను. నీ మీద కోపం అలాగే ఉంది. అది ఇవాళే పోదు."

"సరే ఆంటీ," అన్నాను.

ఆడవాళ్ళిద్దరూ డబ్బాల్లో చలిమిడి సర్దుతున్నారు. అంకుల్ బయట వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"అంకుల్, హాస్పిటల్‌కి రాలేదు నేను."

"అవును, రాలేదు," అన్నారాయన. ఫర్వాలేదని అనలేదు. పక్క కుర్చీ చూపించారు. "కూర్చో. అసలేం జరిగిందో నీకు తెలీదుగా. ఆ రోజు పొద్దున్నే ట్యాంకులో నీళ్ళు చూద్దామని పెరట్లోకి వెళ్ళాను..."

ఆయన మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టారు. నొప్పి ఎడమచేతిలో ఎలా మొదలైందో, గ్యాసనుకుని సోడా తాగిన వైనం, డాక్టరు భార్య ఇంట్లో ఉండగా ఆవిడకు చెప్పకుండా దాచిన వైనం, అంబులెన్సులో తనకంటే ఆవిడే ఎక్కువ భయపడటం. మధ్యమధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగుతున్నారు. లోపల్నుంచి మా ఆవిడ పిలిచింది, బయల్దేరదామా అని.

"ఇంకా ఆపరేషనే మొదలవలేదు," అన్నారు అంకుల్.

"కాసేపుండు," అని ఆమెతో చెప్పి, కుర్చీ ఆయనకు దగ్గరగా జరుపుకున్నాను.