ఆళ్లగడ్డ మైదానంలో మేం ఏరని రాళ్లు

ఈ ప్రయాణం మా బావ నోటి దురుసు వల్ల మొదలైంది. మా అక్కను ఆళ్లగడ్డలో ఇచ్చాం. బావ సుబ్బయ్యకు అక్కడ ఎరువుల అంగడి. ఈ మధ్య ఒక పెళ్లిలో భోజనానికి పక్కపక్కన కూర్చున్నప్పుడు, "మీ నంద్యాలోళ్లకి హాకీ ఏం తెలుసులే బామ్మర్దీ, ఈలలేసేది తప్ప" అన్నాడు. నాకు చుర్రుమంది. మా అన్న కూతురు హారిక నంద్యాల ఆడపిల్లల జట్టులో బ్యాక్ ఆడుతుంది. అంటే గోలుకు ముందు నిలబడి, వచ్చే బంతిని అడ్డుకునే పిల్ల. ఆమె ఆడే ఆట ఒక్కటీ వదలని మనిషిని నేను. నాకే చెప్తాడా! ఆళ్లగడ్డలో రెండు ఊళ్ల జట్లకూ ఆట ఉందని తెలియగానే, ఎవరి అభిమానులు ఎట్లాంటివాళ్లో కళ్లారా చూసి రాస్తానని మా అంగళ్ల వాట్సాప్ గ్రూపులో గొప్పగా ప్రకటించాను. ఇదిగో రాస్తున్నాను. ఆ రోజు అనుకున్నట్టుగా మాత్రం కాదు.

ఆదివారం పొద్దున ఆరున్నరకల్లా నంద్యాల బస్టాండులో ఉన్నాం. మాది స్టీలు సామాన్ల అంగడి. సొట్టపడి అమ్ముడుపోని ప్లేట్లు, గరిటెలు ఒక గోతాంలో వేసి తెచ్చాను. వాయిస్తే మైదానం అదిరిపోవాలి. పక్క బట్టలంగడి రమణ, ఇంకో పదిమంది వెంట ఉన్నారు. ఆడపిల్లలు వాళ్ల కోచ్‌తో వ్యానులో ముందే వెళ్లిపోయారు. ఎవరైనా ఇదే దారిన పోదలుచుకుంటే ఒక మాట: ఆదివారం అహోబిలం పోయే భక్తులతో బస్సులు కిటకిటలాడతాయి, కాబట్టి మొదటి బస్సు వదలొద్దు. ఎడమ వైపు కూర్చుంటే నల్లమల కొండలు దారి పొడుగునా కనిపిస్తాయి.

ఊరు దాటగానే వరిమళ్లు మొదలయ్యాయి. నా ముందు సీట్లో కూర్చున్న ముసలాయన గోతాం చప్పుడు విని వెనక్కి తిరిగాడు.

"యాడికప్పా ఈ సామాన్లు? పెండ్లికా?"

"హాకీ ఆటకి పోతాండాం తాతా. ఆడపిల్లోళ్లది."

"ఆడేది పిల్లోళ్లు కదా, మీకేందప్పా ఇంత బరువు?" అన్నాడాయన. బస్సంతా నవ్వింది. మేమూ నవ్వాం.

శిరివెళ్లలో బస్సు కాసేపు ఆగింది. ఆటోలు, ట్రాక్టర్లు రోడ్డుకు అడ్డంగా ఉన్నాయి. రమణ కిటికీలోంచి తల బయటపెట్టి, "నంద్యాలకి... జై!" అని అరిచాడు. టీ తాగుతున్న రైతులు ఎవరికి జై కొడుతున్నాడో తెలియక అటూ ఇటూ చూశారు. ఎనిమిది కొట్టకముందే ఆళ్లగడ్డలో దిగాం.

మైదానం ఊరి చివర, విగ్రహాలు చెక్కే షెడ్ల వెనక ఉంది. ఆదివారమైనా ఉలి చప్పుడు ఆగలేదు. సగం చెక్కిన వినాయకుళ్లు, నందులు దారి పొడుగునా వరసగా ఉన్నాయి. గేటు దగ్గర బావ ఎదురొచ్చి, "రాండి, ముందు తినండి" అన్నాడు. వచ్చినవాళ్లకు ఆళ్లగడ్డవాళ్లే టిఫిను పెడతారట. ఖాసింబీ అనే ఆవిడ పెద్ద గిన్నెలోంచి బొరుగుల ఉగ్గాని వడ్డించి, పక్కన రెండేసి మిరపకాయ బజ్జీలు పెట్టింది. ఆవిడ కూతురు మాబున్నీ ఆళ్లగడ్డ జట్టులో మా హారిక ఆడే చోటే ఆడుతుందట.

"మా పాప, మీ పాప యాడ కలిసినా ఒగరి భుజం మీద ఒగరు చెయ్యేసుకొనే తిరుగుతారన్నా. ఇంకో బజ్జీ ఎయ్‌నా?" అంది ఖాసింబీ. ఉగ్గాని బ్రహ్మాండంగా ఉంది. నేను మూడోసారి కూడా పెట్టించుకున్నాను.

తిన్నాక బావ మా ముందు తట్టలు తెచ్చి పెట్టాడు. ఆ మైదానంలో చెక్కుడు రాళ్ల పెళ్లలు ఎక్కువ. ఎంత ఏరినా వానొస్తే మళ్లీ తేలతాయి. హాకీ బంతి రాయంత గట్టిగా ఉంటుంది, అది పెళ్లకు తగిలితే ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి. అందుకని ఆటకు ముందే టాస్ వేసి ఎవరిది ఏ సగమో తేల్చుకుని, రెండు ఊళ్ల అభిమానులూ దిగి రాళ్లు ఏరాలి. అందులోనూ ఒక పద్ధతి ఉంది. మన జట్టు కాచుకునే సగాన్ని మనం ఏరకూడదు, ఎదుటి జట్టు కాచుకునే సగాన్ని ఏరాలి.

"మా పిల్లోళ్ల కాళ్లు మీ చేతిలో, మీ పిల్లోళ్ల కాళ్లు మా చేతిలో. అంతే బామ్మర్దీ" అన్నాడు బావ.

అప్పటికే ఆళ్లగడ్డవాళ్లు మా పిల్లలు కాచుకోబోయే సగంలో వరసగా గొంతుక్కూర్చుని, కోళ్లు గింజలేరుకున్నట్టు ఏరుతూ ముందుకు జరుగుతున్నారు. ముసలివాళ్లు, ఆడవాళ్లు, అంగళ్లవాళ్లు అందరూ ఉన్నారు. నాకు నవ్వొచ్చింది. "మనం ఆట చూడనీకొచ్చినామా, కూలికొచ్చినామా?" అన్నాను మావాళ్లతో. అందరూ పగలబడి నవ్వారు. ఎండ చురుక్కుమంటోంది, పొట్ట నిండా ఉగ్గాని. పది అడుగులు ఏరేసరికి నడుములు పట్టేశాయి. మైదానం అంచున, వేపచెట్టు నీడలో, ఇంతకుముందు ఆటలకు ఏరిపోసిన రాళ్ల కుప్ప ఉంది. నేనే చూపించాను దాన్ని. తట్టలు ఆ కుప్పలోంచి నింపాం. అంగట్లో సొట్ట గిన్నెలను వెనక్కి తోసి మెరిసేవి ముందు పెట్టడం అలవాటైన చేతులు కదా, పైన కాస్త కొత్తగా కనిపించే పెళ్లలు సర్దాను కూడా.

బావ వచ్చి తట్టలు చూశాడు. "అబ్బో, శానా ఏరినారే!" అన్నాడు. రమణ నన్ను మోచేత్తో పొడిచాడు.

తొమ్మిదిన్నరకు ఆట మొదలైంది. నేను వచ్చిన పని అభిమానులను పోల్చడం కాబట్టి అది చెప్తాను. మేం ప్లేట్లు వాయించాం, ఈలలు వేశాం, ఆళ్లగడ్డ పిల్లల కర్రకు బంతి తప్పితే "ఉగ్గాని తిను పాపా, ఉగ్గాని తిను!" అని అరిచాం. వాళ్లు అరవలేదని కాదు. వాళ్ల గొంతులూ చిన్నవి కావు. కానీ మా హారిక ఒకసారి పడుకుని మరీ బంతి ఆపినప్పుడు ఖాసింబీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. "చూడు, మన పిల్లకి వాళ్లే దండం పెడ్తాండారు" అన్నాను రమణతో. దాన్ని కూడా మా గెలుపు కిందే జమ వేసుకున్నాను.

తర్వాత మా పిల్ల ఒకతి దూరం నుంచి బంతిని నేల మీదుగా గట్టిగా కొట్టింది. మాబున్నీ కర్ర వంచి కాచుకుని ఉంది. బంతి ఆమెకు మూరెడు దూరంలో దేనికో తగిలి చటుక్కున లేచింది. పిల్ల నుదురు పట్టుకుని కూలబడింది. మేం బంతి ఎటు పోయిందో చూస్తూ ప్లేట్లు వాయిస్తూనే ఉన్నాం. హారిక మైదానం ఆ చివర నుంచి పరుగెత్తుకొచ్చి, మా వైపు తిరిగి రెండు చేతులూ ఊపుతూ "ఆపండి! ఆపండి!" అని అరిచింది. అప్పటికి గానీ నా చేతిలో గరిటె ఆగలేదు.

కనుబొమ్మ చిట్లింది. గుడ్డ కట్టి పిల్లను బయట కూర్చోబెట్టారు. ఆమె లేని సందులోంచి మా జట్టు ఒక గోలు కొట్టింది. మావాళ్లలో కొందరు మళ్లీ వాయించారు. నేను వాయించలేదు. అలాగని వాళ్లను ఆపనూ లేదు.

విరామంలో జట్లు వైపులు మారతాయి. ఇక మా హారిక, మాబున్నీ పడిన చోట నిలబడాలి. అది తట్టి నేను లేచేలోపే ఖాసింబీ కూతురిని బావకు అప్పగించి, కొంగు బొడ్లో దోపుకుని, తట్ట పట్టుకుని ఆ సగంలోకి దిగింది. వెనకాలే ఆళ్లగడ్డవాళ్లంతా దిగారు. మళ్లీ అదే వరస, మళ్లీ గొంతుక్కూర్చోవడం. ఈసారి ఏరుతున్నది మా పిల్లల కాళ్ల కోసం.

నేను పరుగున పోయి ఆవిడ పక్కన కూర్చుని ఒక పెళ్ల చేతిలోకి తీసుకున్నాను. ఆవిడ నా వైపు చూసింది. కోపంగా కాదు, తిట్టినా బాగుండేది.

"ఈడ మేం ఏర్తాంలేన్నా. మీరు ఏరాల్సింది ఆ పక్క" అంది.

నిజమే. వైపులు మారాయి కాబట్టి వాళ్ల పిల్లలు కాచుకునే సగం ఇప్పుడు అవతలిది. తట్ట తీసుకుని అవతలికి పోయాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా వంగి వెతికాను. ఒక్క పెళ్ల లేదు. పొద్దున మా పిల్లల కోసం వాళ్లు ఏరిన నేల అది, అలికిన వాకిలిలా ఉంది. అంతమంది చూస్తుండగా ఖాళీ తట్ట పట్టుకుని తిరిగొచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను అని ఊరికే అంటుంటాం. ఆ మాటకు అర్థం నాకు ఆ రోజే తెలిసింది.

ఆట మేమే గెలిచాం, ఆ ఒక్క గోలుతో. గోతాం మూతి నేను మళ్లీ విప్పలేదు. మాబున్నీకి డాక్టరు కుట్లు వేశాడని, కంటికి ఏమీ కాలేదని మధ్యాహ్నం అక్క ఇంట్లో తెలిసింది. అక్క రాగి సంగటి, కోడి పులుసు వండింది. హారికకు అత్త చేతి భోజనం తినిపించి బస్సులో తీసుకురమ్మని మా అన్న నాకు ముందే చెప్పాడు. పిల్ల ముద్ద కూడా ముట్టలేదు, మాబున్నీ ఇంటికి పోయి కూర్చుని, బస్సు వేళకు వచ్చింది.

బస్టాండు దాకా బావ సాగనంపాడు. ఎక్కబోతుంటే నెమ్మదిగా, "ఆటైనాక పోయి చూస్తే చెట్టు కింద కుప్ప తగ్గిండాది బామ్మర్దీ" అన్నాడు. అక్కకు చెప్పనని నా చెయ్యి నొక్కి తెలియజేశాడు. ఆ మర్యాద మరీ కాల్చింది.

నాలుగున్నర బస్సు. హారిక నా పక్కన కూర్చుంది, కిటికీ వైపు తిరిగి. శిరివెళ్ల దాటాక అడిగింది.

"చిన్నాయనా, పొద్దున మనోళ్లు ఏరినారా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "లేదమ్మా" అన్నాను.

పిల్ల కిటికీ వైపే చూస్తూ అంది: "ఆటకు ముందు మాబున్నీ అడిగింది, మీవోళ్లు బాగా ఏరినారా అని. మా చిన్నాయనే దగ్గరుండి ఏరించినాడు, బెదురు లేకుండా ఆడు అని చెప్పినా."

కొండల మీద ఎండ తగ్గిపోతోంది. కాళ్ల దగ్గర గోతాంలో ప్లేట్లు బస్సు కుదుపుకల్లా గణగణమంటుంటే, రెండు మోకాళ్ల మధ్య అదిమి పట్టుకున్నాను.

రెండు ఊళ్ల అభిమానుల్లో ఎవరు మేలో రాస్తానన్నాను కదా. మేం మా పిల్లల కోసం అరిచాం. వాళ్లు రెండు ఊళ్ల పిల్లల కోసం వంగారు. నేను చూసి వచ్చింది ఇదే. ఆళ్లగడ్డ జట్టు త్వరలో నంద్యాల వస్తుంది. మా మైదానంలోనూ రాళ్లున్నాయి, ముందురోజు నుంచే ఏరిస్తానని బస్సు దిగేటప్పుడు హారికతో చెప్పాను.

పిల్ల కర్ర భుజాన వేసుకుని, నా వైపు చూడకుండానే అంది: "నువ్వు రావాకు చిన్నాయనా. నేను ఏరుకుంటా."